కుండకి ఒక గుప్పెడు

"ఇరవై పౌండ్లా? గింజలా? ఎవరింటికి?" అన్నారు మా అత్తగారు మళ్లీ.

"మనింటికే అత్తయ్యా."

"నెలకా లనెట్, ఏడాదికా?"

"నెలకే."

దాణా కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండర్లో అయిపోయిన మే నెల కాగితం చింపి, వెనక్కి తిప్పి, దాని మీద నెల సరుకులు రాస్తున్నాను. పొద్దున మొదలైన ఈ గొడవ కాఫీ రెండోసారి కాచేదాకా సాగింది. ఎండు చిక్కుడు గింజల దగ్గరే ఆగిపోయాం. ఉల్లిపాయలకీ బియ్యానికీ ఇంకా రాలేదు.

"పది చాలని చెప్తున్నా, అమ్మ వినడం లేదు నానమ్మా," అంది మా అమ్మాయి టెస్సా. ఆ ఏడే హైస్కూలు ముగించింది. తనకు తెలియనిది లేదనుకునే వయసు.

"పదీ ఎక్కువే."

"అయితే ఎంతో మీరే చెప్పండి అత్తయ్యా. రాసుకుంటాను."

మా అత్తగారు ఓపల్ కప్పులోకి చూశారు. "నాకేం తెలుసు. నా ఇంట్లో అవి వండి ఎన్నేళ్లయిందో."

ఆవిడకు తెలుసని నాకు తెలుసు. ఈ కొండల్లో ఆవిడ వయసువాళ్లలో గింజల లెక్క తెలియనివాళ్లుండరు. తెలిసీ చెప్పడం లేదు. చెప్తే, తన కొడుకు ఇక గింజలు తిని బతకాలని ఒప్పుకున్నట్టవుతుంది.

తలుపు దగ్గర బూట్లు విప్పుతూ మా ఆయన రాయిస్ అంతా విన్నాడు. "మీరు ముగ్గురూ తేల్చేసరికి నేను గడ్డి మేస్తూ కనపడతాను. ఆవులకి పడుతోంది, నాకూ పడకపోదు."

నేనూ టెస్సా నవ్వాం. అత్తగారు నవ్వలేదు.

వసంతంలో దేవదారు పొదల పక్కన కంచె బాగుచేస్తుంటే రాయిస్ మోకాలి వెనక పిడుదు పట్టింది. అందులో వింతేమీ లేదు. మిస్సోరిలో పశువులు పెంచేవాడి ఒంటి మీద పిడుదు లేని వేసవి ఉండదు. గిల్లి పారేశాడు. కొన్నాళ్లకు, రాత్రి మాంసం తిని పడుకున్నవాడు తెల్లవారేసరికి ఒళ్లంతా దద్దుర్లతో లేచాడు. రెండోసారి గొంతు వాచింది. ఆ పిడుదు కాటుతో కొందరికి మాంసం విషమైపోతుందని స్ప్రింగ్‌ఫీల్డ్ డాక్టరు చెప్పింది. కోడి, చేప తినొచ్చు. నాలుగు కాళ్ల జంతువు ఏదీ పనికిరాదు. మా చర్చిలోనే అప్పటికి అలాంటివాళ్లు ఇద్దరున్నారు. వాళ్లను చూసి జాలిపడేవాళ్లం. ఇప్పుడు మమ్మల్ని చూసి వాళ్లు జాలిపడ్డారు.

ఒకే ఇంట్లో రెండు వంటలు పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు గరిటె మారుతుంది. అందుకని ఇంటిల్లిపాదీ రాయిస్ తినేదే తిందామని అనుకున్నాం. పాత మూకుళ్లు మా మరిది డ్వేన్‌కి ఇచ్చేసి కొత్తవి కొన్నాను. స్టవ్ పక్కన కాఫీ డబ్బాలో ఉండే పంది కొవ్వు పారబోశాను. బేకన్ వేయించాక మూకుట్లో మిగిలే కొవ్వది. ఈ ప్రాంతంలో ఆ డబ్బా లేని స్టవ్ చూసి ఎరగను. దాన్ని తీసేస్తే ఇల్లు ఖాళీ చేసినట్టు అనిపించింది.

అసలు కష్టం సరుకుల దగ్గర మొదలైంది. మా ఇంటికి పెద్ద కొట్టు చాలా దూరం. నెలకొకసారి, మొదటి శనివారం వెళ్లి అన్నీ తెచ్చుకోవాలి. ఇన్నేళ్లూ ఆ చీటీ మారింది లేదు. పిండి, పంచదార, కాఫీ, బంగాళాదుంపలు, ఇంకో నాలుగు వస్తువులు. మిగిలినదంతా గరాజ్‌లో పెద్ద ఫ్రీజరులో ఉండేది. ఏటా నవంబరులో ఒక కోడెను మార్విన్ కొట్టుకు తోలితే, కోసి తెల్లకాగితం పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. ఆ పొట్లాలతో ఏడాది తిండి తేలిపోయేది. నెలకు ఎంత కావాలన్న లెక్క నేనెప్పుడూ వేయలేదు. కోడె వేసేది.

చివరికి ఇరవై పౌండ్లే రాశాను.

*

ఆ శనివారమే డ్వేన్ ట్రక్కు తెచ్చి మా ఫ్రీజరు ఖాళీ చేశాడు. రోడ్డుకి అవతలి పక్కన అతని పశువులూ అతని ఇల్లూ.

"పశువుల పెంపకందారుకి మాంసం పడదంటే, బాప్తిస్మమిచ్చే బాప్టిస్టు పాస్టరుకి నీళ్లు పడనట్టుంది," అన్నాడు పొట్లాలు అందుకుంటూ.

"నోరు మూసుకుని మొయ్యి," అన్నాడు రాయిస్.

"మోస్తున్నా కదా అన్నయ్యా. ఈ పెద్ద ముక్కలు ఆదివారానికి అమ్మ దగ్గర పెట్టనా?"

రాయిస్ వాకిలి వైపు చూశాడు. కంకర పరిచిన వాకిలికి అటు అత్తగారి ఇల్లు, ఇటు మా ఇల్లు. వాకిలి మధ్యలో ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"పెట్టు," అన్నాడు రాయిస్. "మీరంతా తినాలి కదా."

ఆదివారం చర్చి అయ్యాక భోజనం అత్తగారింట్లోనే. నేను పెళ్లయి వచ్చినప్పటి నుంచీ అంతే. మామగారు చనిపోయిన వారం కూడా ఆవిడ పొయ్యి వెలిగించడం మానలేదు. శనివారం రాత్రే మాంసం ఓవెన్లో పెట్టేవారు. చర్చి నుంచి వచ్చేసరికి వాసన వాకిట్లోకి ఎదురొచ్చేది. మే నెల నుంచి రాయిస్ ఆ బల్ల దగ్గరికి నేను కట్టిచ్చిన కోడికూర డబ్బాతో వెళ్తున్నాడు. మొదటి వారం ఆవిడ అతని ముందు మామూలుగానే పళ్లెం పెట్టారు. రాయిస్ డబ్బాలోది పళ్లెంలోకి వంపుకున్నాడు. ఆవిడ వడ్డించే గరిటె చేత్తో పట్టుకుని అతని కుర్చీ దాటి డ్వేన్ దగ్గరికి వెళ్లారు.

ఖాళీ అయిన ఫ్రీజరు స్విచ్ తీసి, మూత తెరిచి పెట్టాను. అడుగున మంచు కరుగుతోంది. అత్తగారు వచ్చి లోపలికి తొంగిచూశారు.

"దీన్నిండా ఏం పెడతావు ఇంక?"

"ఏమో అత్తయ్యా. మొక్కజొన్న పొత్తులు పెడదామని."

"పొత్తులు," అన్నారావిడ, ఎవరో చనిపోయిన మనిషి పేరు చెప్పినట్టు.

*

జూన్‌లో నా లెక్క తలకిందులైంది. గింజలు మిగిలాయి, తక్కినవన్నీ అయిపోయాయి. మాంసం ఉన్నప్పుడు ఉల్లిపాయ ఒకటి పక్కన పడేస్తే సరిపోయేది. గింజలకూ కూరలకూ రుచి రావాలంటే ఉల్లిపాయలు, టమాటాలు, నూనె, మిరపపొడి, అన్నీ పడుతూనే ఉండాలి. ఉల్లిపాయల సంచీ రెండో వారానికే అయిపోయింది. గడ్డి కోతల్లో ఉన్న మనిషికి గిన్నెడు గింజలు గంటన్నరకి అరిగిపోతాయని కూడా నాకు తెలియదు. గుడ్లూ చీజూ రొట్టే రెండింతలు కావాలి. మూడో వారంలో నాలుగు రోజులు వరసగా ఉప్పు గింజలూ అన్నమూ పెట్టాను.

"ట్రాక్టరుకి ఇంక డీజిలు అక్కర్లేదు," అన్నాడు రాయిస్. "నన్ను వెనకాల కట్టెయ్యండి చాలు."

"నాన్నా," అంది టెస్సా, "ఛీ."

అతను నవ్వించడానికే అన్నాడు గానీ బెల్టుకు కొత్త కంత పొడుచుకోవడం నేను చూశాను. చిక్కిపోతున్నాడు. పుట్టినప్పటి నుంచీ మాంసం తిని పనిచేసిన ఒళ్లు. సాయంత్రాలు వరండాలో కూర్చుని ఆవుల వైపు చూసేవాడు. ఏమాలోచిస్తున్నావంటే, ఏం లేదనేవాడు.

జులై చీటీ రాసుకునే రోజు అత్తగారు వచ్చారు. పిలవలేదు, ఆవిడే వచ్చారు. మిగిలిన గింజల సంచీ బల్ల మీదకు లాక్కుని, పళ్లెంలో పోసుకుని, రాళ్లు ఏరడం మొదలుపెట్టారు. ఈ రోజుల్లో గింజల్లో రాళ్లు రావు. ఆ మాట నేను అనలేదు.

"వాడు చిక్కిపోయాడు," అన్నారు కాసేపటికి.

"అవునత్తయ్యా."

"నువ్వు కొలతకప్పుతో వేస్తావు. చూశాను. గింజలకి కప్పు కాదు కొలత." చెయ్యి పళ్లెంలో పెట్టి గుప్పిట బిగించి ఎత్తారు. వేళ్ల సందుల్లోంచి రెండు గింజలు జారిపడ్డాయి. "మనిషికి ఒక గుప్పెడు. ఆఖర్న కుండకి ఒక గుప్పెడు."

"కుండకెందుకు?"

"ఎవరైనా వస్తే. లేకపోతే ఎవరికైనా ఇంకా ఆకలేస్తే. మా అమ్మ అలా వేసేది." గుప్పిట విప్పి గింజల్ని మళ్లీ పళ్లెంలో పోశారు. "ఒక శీతకాలం కుండకి వెయ్యడం మానేసింది. తర్వాత తన గుప్పెడూ మానేసింది. నాకు తెలీదనుకుంది. పిల్లలకి గుప్పిళ్లు లెక్కపెట్టడం రాదనుకుంటారు పెద్దవాళ్లు."

నేను చీటీ పక్కన పెట్టేశాను.

"ఆ శీతకాలం మాకు కొవ్వు లేదు. పంది చచ్చిపోయింది. ఉప్పునీళ్లలో ఉడకేసిన గింజలు, అంతే. పొద్దున అవే, రాత్రి అవే. బళ్లో అందరూ డబ్బాలు తెరిచేవాళ్లు, నేను మూత కొంచెమే ఎత్తి చెయ్యి లోపలికి పెట్టి తినేదాన్ని." వేళ్లు రాళ్లు వెతుకుతూనే ఉన్నాయి. "మీ మామయ్యని చేసుకున్నప్పుడు ఒకటే చెప్పాను. నువ్వెంత తాగు, ఎంత తిరుగు, నా బల్ల మీద ఆదివారం మాంసం ఉండాలన్నాను. నలభై ఏళ్లు ఉంది. ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటి. రెండోది లేదనుకో."

నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వారు, కొంచెం. తర్వాత నా వైపు చూడకుండానే అన్నారు:

"ఈ ఆదివారం వాడు డబ్బా తీసుకురానక్కర్లేదు. వాడికీ నేనే వండుతాను. అందరికీ గింజలే. మాంసం ముక్క ఒక్కటి ఉండదు."

"అత్తయ్యా, మీరు శ్రమ..."

"శ్రమేముంది. నా కొడుక్కి నేను అన్నం పెట్టడం శ్రమా?"

చీటీ తన వైపు తిప్పుకుని, నేను అలవాటుగా మళ్లీ రాసిన ఇరవై కొట్టేసి, పదమూడు అని రాశారు. ఉల్లిపాయల దగ్గర నేను రాసినదానికి ఇంకో సంచీ కలిపారు. నూనె సీసా పక్కన ఇంకో సీసా. పెన్ను కింద పెట్టి, "పంచదార అంతెందుకు?" అని వెళ్లిపోయారు.

*

ఆ ఆదివారం కోసం ఆవిడ టెస్సాని వెంటబెట్టుకుని ఊరికి వెళ్లి కొత్త కుండ కొనుక్కున్నారు. పాత కుండలో ఎన్ని ఎముకలు ఉడికాయో, వద్దన్నారట. కొత్త గరిటె, కొత్త నూనె సీసా. చర్చి నుంచి మేం వెళ్లేసరికి ఆ సీసా అందరికీ కనపడేలా బల్ల మధ్యలో ఉంది. నన్ను చూసి కళ్లతోనే చూపించారు.

వాకిట్లో మాంసం వాసన లేదు. ఉల్లిపాయలు వేగిన వాసన, పొయ్యి మీంచి దిగిన మొక్కజొన్న రొట్టె వాసన. నల్లటి ఇనుప మూకుడు అలాగే తెచ్చి బల్ల మీద పెట్టారు. రొట్టె అంచులు ఎర్రగా కరకరలాడుతున్నాయి. రాయిస్ ప్రార్థన చెప్పాడు. ఆమెన్ అన్నామో లేదో ఆవిడ గరిటె తీసుకుని మొట్టమొదట అతని కుర్చీ దగ్గరికి వెళ్లారు.

"తిను నాన్నా."

డ్వేన్ గింజల కేసి చూసి, "నేనేం పాపం చేశానమ్మా? నన్ను పిడుదు కుట్టలేదుగా," అన్నాడు.

"నిన్ను కుడితే పిడుదు చస్తుంది. తిను."

తిన్నాడు. రెండోసారి వడ్డించుకున్నాడు కూడా. రాయిస్ అయితే తల ఎత్తలేదు. రొట్టె గింజల్లో ముంచుకుంటూ, ఇంకో ముక్క, ఇంకో ముక్క తీసుకుంటూ, మే నెల తర్వాత మొదటిసారి కడుపునిండా తినడం చూశాను. అత్తగారు తినలేదు. కుర్చీలో వెనక్కి వాలి అతన్ని చూస్తూ కూర్చున్నారు.

"అమ్మా," అన్నాడు రాయిస్ ఆఖరి రొట్టె ముక్కతో పళ్లెం తుడుస్తూ, "నువ్విలా వండితే నాకు ఆవు గుర్తురాదే."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. గిన్నెలు కడుగుతూ చర్చి పాట ఏదో కూనిరాగం తీయడం వినిపించింది. మామగారు పోయాక ఆవిడ పాడడం నేను వినలేదు.

ఆదివారం మేం పనిచేయం. కానీ కోసిన గడ్డి పొలంలో పడి ఉంది, పడమటి దిక్కున మబ్బు పట్టింది. "ఎద్దు గుంటలో పడితే ఆదివారమైనా లాగొచ్చని బైబిల్లోనే ఉంది," అంటూ అన్నదమ్ములిద్దరూ వెళ్లారు. సాయంత్రం నేను బట్టలు తీస్తుంటే టెస్సా పొలం వైపు నుంచి పరుగెత్తుకొచ్చింది.

"నాన్న గోక్కుంటున్నాడు. అరచేతులు ఎర్రగా అయిపోయాయి."

నేను వెళ్లేసరికి ట్రాక్టరు చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు వాచి అతని ముఖం వేరే మనిషిదిలా ఉంది. డ్వేన్ టోపీతో విసురుతున్నాడు. డాక్టరు ఇచ్చిన సూది మందు నా ఆప్రాన్ జేబులోనే ఉంటుంది. తొడలో పొడిచాను. నా చేత్తో నేనే చేసినట్టనిపించలేదు.

"గింజల్లో ఏం లేదు కదా," అన్నాడు రాయిస్. మాట గాలిలా వచ్చింది. "అమ్మని ఏమీ అనకు."

*

అంబులెన్సు సగం దారిలో ఎదురైంది. డ్వేన్ ట్రక్కులో అత్తగారూ టెస్సా మా వెనకే వచ్చారు. అతన్ని లోపలికి తీసుకెళ్లాక నర్సు బయటకొచ్చి, మధ్యాహ్నం ఏం తిన్నాడో అన్నీ చెప్పమంది. గోడ పక్కన కుర్చీల్లో నేనూ అత్తగారూ పక్కపక్కన కూర్చున్నాం. ఆవిడ ఆప్రాన్ కూడా విప్పలేదు.

"గింజలు," అన్నాను. "నూనెతోనే. కొత్త కుండలో."

"అవును," అన్నారావిడ గట్టిగా. "కొత్త కుండ. మాంసం ముక్క వెయ్యలేదు. చర్చి మీద ఒట్టు."

"ఇంకా?"

"ఉల్లిపాయలు, టమాటాలు. మొక్కజొన్న రొట్టె."

"రొట్టె దేంట్లో కాల్చారు?" అంది నర్సు. ఈ ప్రాంతం పిల్లే. మెల్లగా అడిగింది.

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. మా అత్తగారు ఒళ్లో ఉన్న తన కుడిచేతిని చూసుకుంటున్నారు. ఎవరో తెచ్చి అక్కడ పెట్టి వెళ్లిన వస్తువును చూసినట్టు చూస్తున్నారు.

మొక్కజొన్న రొట్టెకు ముందు మూకుడు కాలాలి. కాలిన మూకుట్లో డబ్బాలోంచి చెంచాడు కొవ్వు పడాలి. అది పొగలు కక్కాక పిండి పొయ్యాలి. ఈ కొండల్లో ఎవరూ ఎవరికీ అది నేర్పరు. గింజల గురించి ఆవిడ వారమంతా ఆలోచించారు. రొట్టె గురించి ఆలోచించలేదు. రొట్టె మాంసం కాదు కదా. బల్ల దగ్గర కూర్చున్న మాకెవరికీ తట్టలేదు.

"స్టవ్ పక్కన డబ్బా ఉంటుంది," అన్నారావిడ నర్సుతో.

రాయిస్ బతికాడు. రెండ్రోజులు ఉంచుకుని పంపేశారు. ఇంటికొస్తూనే వాకిలి దాటి తల్లి దగ్గరికి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. తిరిగొచ్చాక, "ఏడవలేదు," అన్నాడు. "ఏడిస్తే బావుండేది."

*

ఆ వారం ఒక సాయంత్రం అత్తగారి పెరట్లో చెత్త కాల్చే పీపాలో మంట కనిపించి వెళ్లాను. అత్తగారు పొడుగాటి కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. నిప్పుల మధ్య ఇనుప మూకుడు.

"అత్తయ్యా, అది మీ అమ్మది."

"తెలుసు."

తరాల కొవ్వు తాగి అద్దంలా నల్లగా మెరిసే మూకుడు. దానికి ఎప్పుడూ సబ్బు తగలనివ్వలేదావిడ. నేను కొత్తకోడలినైనప్పుడు పొరపాటున సబ్బు పెట్టబోతే చేతి మీద కొట్టారు. ఇప్పుడు ఆ నలుపు పెచ్చులుగా ఊడి నిప్పుల్లో పడుతోంది. చల్లారాక బయటకు తీస్తే బూడిదరంగు ఇనుము మిగిలింది. మర్నాటికి తుప్పు పట్టింది.

ఆ ఆదివారం ఆవిడ మోకాలు నొప్పి అన్నారు. తర్వాతి ఆదివారాలు కూడా. చర్చి నుంచి వచ్చి ఎవరింట్లో వాళ్లం తిన్నాం. డ్వేన్ వాకిట్లో ట్రక్కు ఆపి, తల్లి ఇంటి పొగగొట్టం వైపు చూసి, దిగకుండానే వెళ్లిపోయాడు.

ఆగస్టు చివర ఒక శనివారం టమాటాలు ఇచ్చే వంకతో వెళ్లాను. ఆవిడ వంటింట్లో నిలబడి ఉన్నారు. కొత్త మూకుడు పొయ్యి మీద పొగలు కక్కుతోంది. పక్కన గిన్నెలో కలిపిన మొక్కజొన్న పిండి, దాని పక్కన నూనె సీసా. నేను పొయ్యి ఆర్పాను.

"ఏమైందత్తయ్యా?"

"రేపు వాడికి రొట్టె చేద్దామని, ముందు ఒకసారి చేసి చూసుకుందామనుకున్నాను," అన్నారు. "నూనె ఇక్కడే పెట్టుకున్నాను, ఎదురుగా. చూస్తూనే ఉన్నాను. చెయ్యి అటు పోయింది."

స్టవ్ పక్కన డబ్బా ఉండే చోటు చూపించారు. అక్కడ గట్టు మీద గుండ్రటి జిడ్డు మరక తప్ప ఏమీ లేదు.

"డబ్బా లేదు కదా అత్తయ్యా."

"లేదు. అయినా పోయింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ పోయింది." బల్ల దగ్గర కూర్చున్నారు. "ఇవాళ డబ్బా లేదు. రేపు ఎవరో బేకన్ తెస్తారు, నేను వేయిస్తాను, మూకుట్లో కొవ్వు మిగుల్తుంది. దీనికి చెప్పగలనా నేను? అరవై ఏళ్లుగా అదే పని చేస్తున్న చెయ్యి."

"నేను పక్కనుంటాను. కలిసి వండుదాం."

"నేను వండుతుంటే పక్కన ఒకరు కాపలానా?" నా చెయ్యి తట్టారు. మాటలో కోపం లేదు. "టమాటాలు బావున్నాయి. అక్కడ పెట్టు."

*

మర్నాడు చర్చి అయ్యాక అందర్నీ ఇంటికి రమ్మన్నారు. బల్ల మీద బట్ట పరిచి ఉంది. కాఫీ, కప్పులు, అంతే. పొయ్యి చల్లగా ఉంది. అలవాటుగా ఎవరి కుర్చీలో వాళ్లం కూర్చున్నాం. రాయిస్ ముందు పళ్లెం లేదు. ఎవరి ముందూ లేదు.

డ్వేన్ చుట్టూ చూశాడు. "ఉపవాసమా అమ్మా? మనం ఎప్పుడు కాథలిక్కులమయ్యాం?"

"కాఫీ పోసుకో," అన్నారావిడ.

డ్వేన్ పోసుకుని, ఏదో ఒకటి మాట్లాడాలని, అన్నయ్య వైపు తిరిగాడు. "మార్విన్ అడుగుతున్నాడు. నవంబరుకి నీ కోడె పేరు రాసుకోమంటావా, వద్దా అని."

"నీది రాసుకోమను," అన్నాడు రాయిస్. "నాది అమ్మేస్తాను."

అత్తగారు చక్కెర గిన్నె మూత పెట్టారు. ఆవిడ చేతులు రెండూ బల్ల మీదే ఉన్నాయి.

"నాకు ఓపిక తగ్గింది," అన్నారు. "మోకాళ్లు నిలబడనివ్వడం లేదు. వచ్చే ఆదివారం నుంచి భోజనం లనెట్ ఇంట్లో. మీతోపాటే నేనూ వస్తాను. గిన్నెలు నేను కడుగుతాను."

"అమ్మా," అన్నాడు రాయిస్.

"చెప్పాను కదా నాన్నా."

టెస్సా నా వైపు చూసింది. నేను కాఫీ కప్పు వైపు చూశాను. డ్వేన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

అత్తగారు లేచి, కప్పులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ, నా దగ్గరికొచ్చేసరికి ఆగారు.

"సరుకులకి శనివారమేగా వెళ్లేది?"

"అవునత్తయ్యా."

"మామూలు రోజులకి కూడా నాకిక్కడ పొయ్యి ఎందుకు వేరేగా," అన్నారు. "గింజల్లో నా గుప్పెడు కలుపుకో."

కప్పులు సింకులో పెట్టి కుళాయి తిప్పారు.